పసుపు పట్టిన గేరు తీగ

మా గల్లీ ఎత్తుల ఉంటది. ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు మీదికెల్లి లోపలికి తిరిగినంక ఇంటి దాకా ఎక్కుడే. నా సైకిల్‌కు వెనక పండ్లున్న చక్రాలు ఆరున్నయి. అన్నిట్ల పెద్దదాని మీద చైన్ పడితేనే నా మోకాళ్లు ఆ ఎత్తు ఎక్కనిస్తయి. మొన్న దసరా పోయిన వారానికి చైన్ దాని మీదికి పోవుడు మానేసింది. హ్యాండిల్ మీది గేరు మీటను బొటనవేలుతోని ఎంత నూకినా సగం దాకా పోయి మొండికేస్తది.

నేను జొన్న రొట్టెలు చేస్తా. రోజూ పొద్దుగూకక ముందే డబ్బ వెనక కట్టుకొని, మెట్రో పిల్లర్ల కింద తొక్కుకుంట దిల్‌సుఖ్‌నగర్‌ల రెండు హాస్టళ్లకు ఇచ్చి ఒస్తా. ఈ సైకిల్ ఒకప్పుడు నేను వంట చేసిన నాగోల్ అపార్ట్‌మెంటోళ్లు పారేస్తుంటే తెచ్చుకున్నది. చిన్నప్పుడు మా ఊర్ల అన్న సైకిల్ కడ్డీ కింద కాలు దూర్చి తొక్కిన దాన్ని, గేర్లకు భయపడతనా?

చైన్ ఎక్కకపోయేసరికి నాలుగు దినాలు దిగి నూకుకుంట ఇంటికొచ్చిన. నాలుగో నాడు నా కొడుకు చూసిండు.

"చాలే అమ్మా. రొట్టెలు బంద్ చెయ్యి. ఆదివారం పాత సామాను బండాయన ఒస్తడు, గీ సైకిల్ ఇచ్చేద్దాం."

"నీ బండి చెడిపోతే నువ్వు నౌకరి బంద్ చేస్తవా?"

"నాదీ నీదీ ఒకటేనా?"

"ఒకటే."

వాడు ఫోన్ పట్టుకొని లోపలికి పోయిండు. బండాయనకు ఫోన్ చేసిండని నాకు ఎర్కయింది. సైకిల్ పోతే పిండి తేవాలన్నా, రొట్టె ఇయ్యాలన్నా, వాని తీరుబాటు చూసుకొని వాని వెనక కూసోవాలె. ఒకరి తీరుబాటు కోసం వాకిట్ల నిలబడుడు నాతోని కాదు.

తెల్లారి దిల్‌సుఖ్‌నగర్‌ల సైకిల్ దుకాణానికి తీస్కపోయిన. ఆయనది గుంటూరు దిక్కు. నిలబడ్డకాడికెల్లే చూసి చెప్పిండు.

"గేరు మొత్తం పోయిందండి పెద్దమ్మగారూ. ఈ మోడల్ సామాను ఇప్పుడు రాదు. గేర్లు పీకేసి మామూలు సైకిల్ చేయించేసుకోండి."

"పెడల్ తిప్పి చూసినవా?"

"తిప్పక్కర్లేదండి, చూస్తేనే తెలిసిపోద్ది."

"సైకిల్‌ను చూసి చెప్తున్నవా, నన్ను చూసి చెప్తున్నవా?"

ఆయన నవ్విండు గానీ పెడల్ మాత్రం తిప్పలే. సైకిల్ మలుపుకొని ఇంటికొచ్చిన.

నేను యాభై దాటినంక అక్షరాలు నేర్చిన. అప్పటిసంది ఏ పని పట్టినా నోట్‌బుక్కుల రాసుకునుడు అలవాటైంది. రాస్తే చేసిందే మళ్ల మళ్ల చెయ్యం. సీటును కిటికీ గ్రిల్‌కు తాడుతోని వేలాడదీసి, వెనక చక్రం గాలిల లేపిన. ఒక చేత్తోని పెడల్ తిప్పుకుంట, ఇంకో చేత్తోని చైన్‌ను పక్కకు జరిపే ఇనుప చెయ్యిని లోపలికి నూకిన. చైన్ పెద్ద చక్రం మీదికి సాఫుగా ఎక్కింది. వదిలితే తిరిగొచ్చింది. "గేరు పోలే" అని రాసిన, కింద గీత కూడా కొట్టిన.

గేరు మంచిగుంటే, మీటకు గేరుకు నడుమ తీగల ఉండాలె కిరికిరి. ఆ తీగ మీద రెండు దిక్కుల నల్ల గొట్టం తొడుగు ఉంటది, హ్యాండిల్ కాడ ఒకటి, వెనక చక్రం కాడ ఒకటి. బోల్టు వదులు చేసి ముందుదాన్ని జరిపిన, జర్రున జరిగింది. వెనకది జరగలే. పటకారుతోని పట్టి గుంజితే తీగ గరగరమనుకుంట బయటికొచ్చింది. దాని పొడుగునా పచ్చగా, గట్టిగా, అడుగంటిన పప్పు లెక్క ఏదో అంటుకొని ఉన్నది.

గోరుతోని గీకి వాసన చూసిన. పసుపు.

నేను కింద కూసున్న. ఏటా దసరాకు సైకిల్ కడిగి, పసుపుల నూనె కలిపి, కదిలే ప్రతి కీలుకు పూసేది నేనే. అందరూ హ్యాండిల్‌కు ఒక బొట్టు పెడితే, నాకు అన్నం పెడుతున్నదని నేను ఆ గొట్టం మూతికి కూడా దట్టంగా రుద్దిన. నీళ్లతోని, నూనెతోని అది లోపలికి దిగి, ఏండ్లకు ఏండ్లు గట్టిపడ్డది. నోట్‌బుక్కుల అది కూడా రాసిన: "తప్పు నాది."

శనివారం మళ్ల అదే దుకాణానికి పోయి ఆ గొట్టం ఆయన బల్ల మీద పెట్టిన.

"గేరు పోలే. దీంట్ల పసుపు. పూసింది నేనే. గిసుంటిదే కొత్తది కోసియ్యి."

ఆయన గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసిండు. నవ్వబోయి ఆగిండు. మెల్లగా తల తిప్పి, మూలకున్న గాలి కొట్టే పంపు దిక్కు చూసిండు. దాని మూతి సుత పచ్చగనే ఉన్నది.

"మేమూ పెడతామండి, పనిముట్లన్నిటికీ," అన్నడు.

"పెట్టు. మూతికి పెట్టకు."

తీగ గీకి కడిగి, కొత్త గొట్టం ఏసినంక కూడా ఒక్కసారికే దారికి రాలే. చైన్ ఐదో చక్రం దాకా పోయి ఆగింది. తీగను బిగువు చేసే చిన్న మర ఉంటది. దాన్ని తిప్పుకుంట రాసిన: అర తిప్పు, రాలే. ఇంకో అర, వచ్చింది, చప్పుడున్నది. పావు వెనక్కి, చప్పుడు లేదు.

ఆదివారం హాస్టళ్లకు రొట్టెలిచ్చి ఒచ్చేసరికి గల్లీ పైన మా గేటు కాడ బండాయన నిలబడ్డడు, పక్కన నా కొడుకు. మూల మలుపు కాడ మీట నూకిన. చైన్ పెద్దదాని మీద కూసున్నది. మోకాళ్లు నొచ్చినయి, అబద్ధం చెప్ప. దిగలే. గేటు దాకా తొక్కిన.

డబ్బకు చుట్టి ఉంచిన పసుపు పట్టిన పాత గొట్టం బండాయన చేతుల పెట్టి, "నీ సామాను ఇదే" అన్న.

నా కొడుకు వెనక చక్రం కాడ వంగి చూసిండు. "ఏమైందే అమ్మా దీనికి? ఎవరు చేసిండ్రు?"

"నేనే చెడగొట్టిన, నేనే చేసిన. డబ్బ దించు. రేపటికి పిండి తేవాలె, దుకాణం మూస్తరు."

"ఆగు, నా బండి తీస్తా," అన్నడు.

అప్పటికే నేను సైకిల్ మలుపుకున్న.