మైకు లేని డ్రోన్‌లో వినిపించిన మాట

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. చిన్నప్పుడు సూర్యాపేటలో మా వీధి పిల్లలంతా చేరి దయ్యాల కబుర్లు చెప్పుకుంటుంటే, నేను మధ్యలో లేచి ఇంటికెళ్లి అన్నం తినేదాన్ని. ఇప్పుడు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉంటున్నాను. యంత్రాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఎక్కడ తేడా వచ్చినా దానికి కారణం వెతకాలి. దీనికి కూడా అలాగే వెతికాను. దొరకలేదు.

ఆ డ్రోన్ మా అన్నది. అన్న, వదిన డార్మ్‌స్టాట్‌లో ఉండేవాళ్లు. అన్న రోజూ రైల్లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి పనిచేసి వచ్చేవాడు. శనివారాలు ఊరి బయట పొలాల మీద డ్రోన్ ఎగరేసేవాడు. అరచేతిలో పట్టేంత చిన్నది. ఆఫ్రికా వెళ్లి ఎడారి మీద ఎగరేయాలని వాడి కోరిక. నమీబియాకు టికెట్లు కూడా చూసి పెట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే ఒకరోజు ఆఫీసుకు వెళ్తూ రైల్లోనే గుండె ఆగి పోయాడు. పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారట.

కర్మకాండలన్నీ అయ్యాక వదిన ఆ డ్రోన్ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంట్లో ఉంటే రోజూ దీని మీదికే పోతోందే చూపు. నువ్వు తీసుకెళ్లు మాధవీ. ఎగరేస్తావో, పారేస్తావో నీ ఇష్టం" అంది. వదినది తెనాలి. ఎంత బాధలోనైనా మాట మెత్తగానే ఉంటుంది.

ఏడాది దాకా ఆ పెట్టె నా అల్మారాలోనే ఉంది. తర్వాత ఇన్సూరెన్స్ నా పేరు మీదికి మార్చుకున్నాను, లైసెన్సు కోసం ఆన్‌లైన్ పరీక్ష రాశాను, మా ఊరి బయట ఎగరేయడం నేర్చుకున్నాను. ఆఫీసులో ఉర్లౌబ్, అంటే సెలవు, పెట్టి, కావలసిన అనుమతులన్నీ తీసుకుని ఒక్కదాన్నే నమీబియా వెళ్లాను. వదినను రమ్మన్నాను. రాలేనంది.

అక్కడ ఒక పశువుల ఫారంలో గది తీసుకున్నాను. ఆ ఫారం నడిపే ముసలావిడ తాతముత్తాతలు జర్మనీ వాళ్లు. ఆఫ్రికా దాకా వెళ్లినా నాకు వినిపించింది జర్మనే. ఎర్లాంగెన్‌లో బేకరీ అమ్మాయితో మాట్లాడే నాలుగు ముక్కలే అక్కడ ఆవిడతోనూ మాట్లాడాను. నాతో పాటు అతిథులెవరూ లేరు. పొద్దున టిఫిన్ బల్ల మీద ఒకే ప్లేటు, ఒకే కప్పు ఉండేవి.

"మీరొక్కరేనా వచ్చింది?" అని ఆవిడ అడిగింది.

అవునన్నాను.

ఫారం వెనక రాళ్ల గుట్ట ఒకటి ఉంది. ఇటువైపు నుంచి మెల్లగా ఎక్కిపోవచ్చు. అటువైపు గోడలా తెగిపోయి ఉంటుంది, కింద ఎండిపోయిన వాగు. ఒక సాయంత్రం ఎండ తగ్గాక అక్కడికెక్కి డ్రోన్ పైకి లేపాను. కంట్రోలర్‌కు బిగించిన ఫోన్ తెర మీద ఎర్రటి నేల, పొదలు, వాటి పొడుగాటి నీడలు కనిపిస్తున్నాయి. కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. డ్రోన్ దూరం పోయేకొద్దీ దాని మోత కూడా పోయింది.

అప్పుడు నేను పైకే మాట్లాడడం మొదలుపెట్టాను. "చూడు అన్నా, నువ్వు రావాలనుకున్న జాగ ఇదే. ఎట్లుందో చూడు" అని. ఒంటరిగా ఉండేవాళ్లకు ఆ అలవాటు ఉంటుంది. నాకు వంటింట్లో కూడా ఉంది. అది జవాబు కోసం మాట్లాడే మాట కాదు.

తెర మీద ఎండ పడుతోంది. నీడ కోసం ఒళ్లు అటూ ఇటూ తిప్పుకుంటూ, తల ఎత్తకుండా వెనక్కి జరుగుతున్నాను. ఎటు జరుగుతున్నానో చూసుకోలేదు.

ఉన్నట్టుండి తెర మీద బొమ్మ తిరిగింది. నేను మీటలు కదపలేదు. దూరపు కొండలు పక్కకు పోయి, గుట్ట కనిపించింది. దాని మీద నీలం చొక్కా వేసుకున్న ఒక ఆడమనిషి, తల వంచుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఆమె వెనక ఇంక నేల లేదు.

'అయ్యో, ఎవరీమె, పడిపోతుందే' అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆమె ఎంత ఒంటరిగా ఉందో అని కూడా అనిపించింది. ఆ చొక్కా నాదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలియగానే ఆగిపోయాను.

మడమ కింద రాయి కదిలి జారింది. అది కింద పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. నేను ముందుకు వంగి, మోకాళ్ల మీద పాకుతూ అంచు నుంచి ఇవతలికి వచ్చాను. డ్రోన్ అక్కడే గాలిలో నిలబడి నా వైపే చూస్తోంది. దాన్ని మెల్లగా దింపాను.

ముసలావిడకు చెబితే, ఆ గుట్ట రాళ్లలో ఇనుము ఎక్కువని, అక్కడ దిక్సూచి కూడా సరిగ్గా పనిచేయదని అంది. డ్రోన్ దారి తప్పి తిరిగి ఉంటుందని నేనూ సమాధానపడ్డాను. ఇప్పటికీ ఆ తిరగడానికి అదే కారణమనుకుంటున్నాను. ఆ వీడియో చూడకపోయి ఉంటే అదృష్టం అనుకుని ఊరుకునేదాన్ని.

ఎర్లాంగెన్ వచ్చాక ఒక ఆదివారం ఉదయం ఆ వీడియోలు కంప్యూటర్‌లో చూస్తున్నాను. జర్మనీలో ఆదివారాలు ఇంతే. దుకాణాలు మూసేసి ఉంటాయి, వీధిలో సైకిల్ చప్పుడు కూడా ఉండదు. మా డ్రోన్‌కు మైకు లేదు, వీడియోలన్నీ మూగవే. ఆ గుట్ట వీడియో కూడా మూగగానే నడిచింది. బొమ్మ తిరిగింది. నీలం చొక్కా కనిపించింది. అప్పుడు స్పీకర్‌లోంచి ఒక మగగొంతు వచ్చింది.

"ఆగు బిడ్డా. ఆడ్నే ఆగు."

అంతే. మళ్లీ నిశ్శబ్దం.

వేరే ఏదైనా మోగిందేమోనని అన్నీ మూసేసి మళ్లీ పెట్టాను. అక్కడే, అదే మాట. ఫోన్‌లో ధ్వని రికార్డయ్యే ఏర్పాటు ఉందేమో చూశాను. ఉంది, కానీ ఆపేసి ఉంది. పైగా ఈ వీడియో డ్రోన్‌లోని కార్డులోంచి తీసింది. ఆ సమయంలో నేను గట్టిగా మాట్లాడుతున్నాను కదా, నా మాట ఒక్కటి కూడా అందులో లేదు. ఆఫీసులో ఆడియో పనిచేసే ఒకతనికి చూపిస్తే, ఎవరో తర్వాత కలిపి ఉంటారన్నాడు. ఆ కార్డు నా సంచీ దాటి ఎక్కడికీ పోలేదు.

నాకు మాత్రం ఒకటే ఆలోచన. అది అన్నేనా? గొంతు కాస్త బొంగురుగా ఉంది. అన్న నన్నెప్పుడూ బిడ్డా అనలేదు, చెల్లె అనేవాడు. అయినా పదేపదే వింటుంటే అన్నలాగే అనిపించసాగింది. అది వాడిదే అయి ఉండాలన్న కోరికతో వింటున్నానేమోనన్న అనుమానమూ వచ్చింది. వాడి గొంతు నాకంటే బాగా తెలిసినది వదినకే. శనివారం రైలెక్కి డార్మ్‌స్టాట్ వెళ్లాను.

ముందుగా ఏమీ చెప్పలేదు. "వదినా, ఒకటి వినిపిస్తా. ఎవరిదో చెప్పు" అని ఇయర్‌ఫోన్లు ఇచ్చాను.

వదిన కళ్లు మూసుకుని వింది.

"మీ అన్నయ్య అనుకునే తెచ్చావు కదూ?" అంది.

నేను తల ఊపాను.

"ఆయన కాదే." ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అయితే బాగుండునని నాకూ అనిపించింది. కానీ కాదు. ఈయనెవరో పెద్దాయన. మీ వైపు మనిషే. మీ నాన్న గారా? ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు."

కాదు. నాన్న గొంతు నాకు తెలుసు, తాతల గొంతులూ తెలుసు. వాళ్లెవరూ కాదు. నేను ఎప్పుడూ వినని మనిషి.

వదిన టీ పెడతానని లేచింది, మళ్లీ కూర్చుంది.

"ఎవరైతేనేం, నిన్ను ఆపాడు" అంది. తర్వాత ఇయర్‌ఫోన్లు మళ్లీ చెవుల్లో పెట్టుకుంది. "ఇంకోసారి పెట్టు."

ఆ సాయంత్రం వదిన ఆ మాటను చాలాసార్లు వింది. తన మనిషిది కాని గొంతును అంత శ్రద్ధగా ఎందుకు విందో నేను అడగలేదు.

ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. మాట కూడా అలాగే ఉంది. అది అన్నే అయి ఉంటే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేదాన్ని. మనుషులే లేని ఆ చోట, నా జిల్లా యాసలో నన్ను బిడ్డా అని పిలిచినదెవరో, ఆ మాట ఆ కార్డులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. చేతులెత్తి దండం పెడదామన్నా, ఎవరిని తలుచుకోవాలో కూడా తెలియదు.