వెనకగోడ లేని చర్చికి తాళం

పాత చర్చి చూడ్డానికి ఎవరొచ్చినా సరే, కాపలాదారు మెడలోంచి జానెడు తాళంచెవి తీసి, నూనె రాసి, గొంతు సవరించుకునేదాకా గుమ్మం బయట నిలబడాల్సిందే. వెనకగోడ కూలి పదేళ్లయింది. మేకలు అటునుంచే దర్జాగా వచ్చిపోతాయి. మనుషులు మాత్రం తలుపులోంచే రావాలి. నిన్న ఓ కుటుంబానికి తాళం ఎంత గట్టిదో లోపలినుంచి వేసి చూపిస్తుంటే తాళంచెవి పుటుక్కున విరిగింది. వాళ్లు గోడ కూలినవైపునుంచి నడుచుకుంటూ వెళ్లిపోయారు. అతను మాత్రం తలుపు బాదుతూ సాయంత్రందాకా లోపలే ఉండిపోయాడు. వెతుక్కుంటూ వెనకనుంచి వచ్చిన భార్య, "ఇటునుంచి రావచ్చుగా?" అంది. "ఇటునుంచి వస్తే ఈ పదేళ్లూ నేను కాసిందేంటే?" అన్నాడు. ఆమె వచ్చిన దారినే వెళ్లి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, తలుపుకి భుజం ఆనించి, "ఊఁ, ఇప్పుడు లాగండి" అంది.