అన్నీ ఒకే డిస్కులో

కాలేజీ మూసేశాక కూడా నేను కొన్ని వారాల పాటు రోజూ కాలేజీకి వెళ్లాను.

సోమందేపల్లె దాటాక హైవే మీద నుంచి లోపలికి తిరిగే మట్టిదారిలో, చెనిక్కాయ చేల మధ్య ఉండేది మా డిగ్రీ కాలేజీ. అందులో కంప్యూటర్ ల్యాబ్ నాది. పాఠం చెప్పేదాన్ని, మిషన్లు బాగుచేసేదాన్ని, పరీక్షలప్పుడు ప్రింటర్ ముందు కూర్చునేదాన్ని. ఏటేటా పిల్లలు తగ్గిపోయారు. చివరికి మిగిలిన కొద్దిమందినీ హిందూపురానికి, అనంతపురానికి పంపేసి తరగతి గదులకు తాళాలు వేశారు. తోటి లెక్చరర్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. నాతో కలిసి మధ్యాహ్నం అన్నం తినే బాటనీ మేడం హైవే పక్క ఫ్యాక్టరీలో ఆఫీసు పనికి చేరింది. మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత ఆదివారాలు చేసేది. ఆ తర్వాత దీపావళికి ఒక దీపం బొమ్మ పంపింది, ఫోన్లో ఉన్న అందరికీ పంపినదే.

కాలేజీ కరస్పాండెంటు నన్ను పిలిపించాడు. పెద్ద రైతు కుటుంబం వాళ్లది, రాజకీయాల్లో కూడా తిరుగుతాడు. మాట మాత్రం నెమ్మది.

"చూడమ్మా, ల్యాబులో సామానంతా బెంగుళూరులో పాత సామాన్లు కొనే పార్టీకి ఇచ్చేస్తాండాం. ఏవి పనిచేస్తాండాయో, ఏవి చేయల్యాదో చూసి విడివిడిగా పెట్టు. లోపల పిల్లోళ్ల వివరాలుంటాయి గదా, అవన్నీ తుడిచెయ్. నిదానంగా చెయ్యి, తొందరేం లేదు."

తొందర లేదన్న మాట నాకు నచ్చింది. అప్పటికి వేరే ఉద్యోగం ఏదీ కుదరలేదు. సోమందేపల్లెలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఇంటి ఓనరమ్మ పైన ఉండేది, మోటరు వేసేటప్పుడు బిందెలు పెట్టుకోమని కేకేసేది, అంతే. పొద్దున ఆటోవాడితో "కాలేజీ కాడ ఆపప్పా" అనేదే చాలా రోజులు నా మొదటి మాట. ఆదివారం ఆ మాట కూడా ఉండేది కాదు.

ల్యాబులో మిషన్లన్నీ పాతవి. కొన్ని స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగి ఆగిపోయేవి. కొన్ని నల్లటి తెర మీద ఒక గీత చూపిస్తూ అలాగే ఉండిపోయేవి. వైరస్ పట్టినవి సరే సరి. పెన్‌డ్రైవ్ పెడితే దాన్నుంచి స్టార్ట్ కావడం వాటికి తెలియదు. సీడీ పెట్టే తలుపు ఒక్కటే దారి. మెమరీ చూడటానికి ఒక డిస్కు, హార్డ్ డిస్కు చూడటానికి ఒకటి, తుడిచేయడానికి ఒకటి, విండోస్ లేవకపోయినా లోపలి ఫైళ్లు తెరిచి చూసుకోవడానికి లినక్స్ ఉన్నది ఒకటి. ప్రతి మిషన్ దగ్గరా ఇవన్నీ మార్చుతూ కూర్చోవాలి. ఆ తలుపుల్లో సగం గుండుసూదితో పొడిస్తే గానీ తెరుచుకోవు.

అన్నింటినీ ఒకే డిస్కులో పెడితే? పెట్టగానే ఒక మెనూ రావాలి. కావాల్సిన వరుస మీదికి వెళ్లి ఎంటర్ నొక్కితే ఆ పని మొదలవ్వాలి. అలాంటివి చేస్తారని చదివాను గానీ ఎప్పుడూ చేయలేదు. నిజానికి విడివిడి డిస్కులతో కూడా పని జరిగిపోయేది, ఇంకా ముందే అయిపోయేది. నాకది ముందే అయిపోవడం ఇష్టం లేదు.

ప్రాజెక్టుల కోసం తెప్పించిన ఖాళీ డీవీడీల కట్ట ఒకటి బీరువాలో అలాగే ఉండిపోయింది. కాలేజీ ఇంటర్నెట్టు తీసేశారు కాబట్టి ఫోనూ నా ల్యాప్‌టాపూ పట్టుకుని మిద్దె ఎక్కి, సిగ్నల్ ఉన్న మూల కూర్చుని, రెండు రకాల లినక్స్‌లు డౌన్‌లోడ్ చేశాను. ఒకటి తక్కువ మెమరీ ఉన్న మిషన్లకు, రెండోది కాస్త ఓపిక ఉన్నవాటికి. ఎండ ల్యాప్‌టాప్ మీద పడకుండా చున్నీ కప్పి పట్టుకునేదాన్ని. ఎదురుగా పెనుకొండ గుట్టలు, చుట్టూ వాన చూడని చేలు. విత్తనం వేసినవాళ్లు వేశారు, వేయనివాళ్లు ఇంకా ఆకాశం చూస్తూనే ఉన్నారు.

మొదటి డిస్కు అసలు స్టార్టే కాలేదు. రెండోదానికి మెనూ వచ్చింది గానీ ఏ వరుస నొక్కినా ఫైలు దొరకలేదని చెప్పింది. కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. లినక్స్‌లు రెండూ తమ సామాను ఒకే పేరున్న ఫోల్డర్లో ఉంటుందని నమ్మి వెతుకుతాయి. ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి జొరబడుతోంది. రెండోదాని ఫోల్డర్ పేరు మార్చి, ఆ కొత్త పేరు దానికి మెనూ ఫైల్లోనే చెప్పాలి. అది చేశాక మెమరీ పరీక్ష మొండికేసింది. మళ్లీ మళ్లీ బర్న్ చేసి పాడుచేసిన డిస్కులు టేబుల్ మీద పేరుకున్నాయి. నా పక్కన ఎవరైనా ఉంటే "ఇట్ల చేసి చూడు" అనేవాళ్లు, అది తప్పే అయినా. ఎవరూ లేరు కాబట్టి నేనే పైకి అనుకుంటూ, నేనే కాదంటూ కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే గొర్రెలక్క వచ్చింది. పేరు అడిగాను, చెప్పింది, కానీ నేను అక్కా అనే పిలిచాను. కాలేజీ వెనక బోరు ఇంకా కొద్దిగా నీళ్లిచ్చేది. మోటరు వేస్తే ముందు గాలి, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఎప్పటికో సన్నటి ధార. దానికోసం మధ్యాహ్నం జీవాలను తోలుకుని వచ్చి, తొట్టి దగ్గర బిందె పెట్టుకుని కాచుకుని ఉండేది. నాకంటే కొన్నేళ్లు పెద్దది. మొదటి రోజే ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏంది మేడమ్మా, అందురూ పాయె, నువ్వొక్కదానివే ఉండావే ఈడ?"

"పనుంది అక్కా. ఈ మిషన్లన్నీ చూడాల."

"చూస్తే?"

"అమ్మేస్తారు."

"అమ్మేదానికి చూసేదెందుకు?" అని, నా జవాబు కోసం ఆగకుండా గొర్రెల వైపు వెళ్లిపోయింది.

మెమరీ పరీక్ష ఎందుకు మొండికేస్తోందో చివరికి ఒక పాత ప్రశ్నోత్తరాల పేజీలో దొరికింది. ఆ ఫైలు పేరు చివర చుక్క, బిన్ అని ఉంటుంది. ఆ తోక చూసి మెనూ నడిపే ప్రోగ్రాము దాన్ని వేరే రకం ఫైలనుకుంటుంది. తోక కోసేసి పేరు ఉత్తగా ఉంచితే చాలు. కోసేశాను. ఇంకో డిస్కు బర్న్ చేసి, కిటికీ పక్క మిషన్లో పెట్టాను. మెనూ వచ్చింది. తెర మీద తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసి పెట్టుకున్నాను: మెమరీ చూడు, డిస్కు చూడు, తుడిచెయ్, చిన్న లినక్స్, పెద్ద లినక్స్, ఏమీ వద్దు మామూలుగా పోనీ. మెమరీ చూడు మీద ఎంటర్ నొక్కాను. తెరంతా నీలం రంగుకు తిరిగి, అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క వరుసా నొక్కి చూశాను. అన్నీ నడిచాయి.

కుర్చీలోంచి లేచి వరండాలోకి పరుగెత్తాను. "వచ్చింది! అక్కా, వచ్చింది!"

తొట్టి పక్క నీడలో కూర్చున్న ఆమె దిగ్గున లేచి బిందె అందుకుంది. "నీళ్లా?"

ఆ బోరు నాలుగు రోజులుగా గాలి తప్ప ఏమీ ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. "నీళ్లు గాదక్కా. నా మిషన్," అన్నాను.

బిందె కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, చేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చింది. మెనూ చూపించాను. ఒక్కొక్క వరుసా చదివి వినిపించాను.

"ఇదేనా? ఇన్ని దినాలూ దీనికేనా?"

"ఊ."

"నాకేమో సినిమా ఏదన్నా వచ్చిందనుకుంటి," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ ల్యాబులో ఇద్దరు నవ్విన చప్పుడు విని చాలా కాలమైంది.

అప్పటినుంచి మిషన్లు ఒక్కొక్కటే పరీక్షించాను. మెమరీ పరీక్ష గంటల తరబడి నడుస్తుంది, చేసేదేమీ ఉండదు. గొర్రెలు వరండా నీడలో పడుకుంటే ఆమె గుమ్మంలో కూర్చుని సద్ది విప్పేది. సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి. నా డబ్బాలో అన్నం కొంచెం తీసుకుని, తన ముద్దలో సగం నా మూతలో పెట్టేది. తెర మీద తప్పులు చూపే ఎర్రటి వరుసలు కనబడితే "ఇది పాయెనా?" అని అడిగేది. పోయిందంటే నాలుక చప్పరించేది.

ఒకరోజు అన్నం తింటూ, "నీకెవురూ ల్యారా?" అంది.

"అన్న ఉన్నాడు. పూనాలో."

"మాట్లాడతాడా?"

"అప్పుడప్పుడు."

"మా ఇంటాయన రోజూ నాతోనే ఉంటాడు, మాట్లాడడు," అని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె నన్ను ఓదార్చడానికి అందో, తన బాధ చెప్పుకుందో నాకు అర్థం కాలేదు.

తుడిచేసే ముందు ప్రతి మిషన్నూ చిన్న లినక్స్‌తో తెరిచి, ఎవరికైనా అవసరమైనవి ఉన్నాయేమో చూసేదాన్ని. ప్రాజెక్టు రిపోర్టులు, ఒకరిది ఇంకొకరు కాపీ కొట్టినవి. బయోడేటాలు. ఫేర్‌వెల్ ఫోటోలు, ప్రతి ఏడాదివీ. పట్టుచీరల్లో ఆడపిల్లలు, నల్లద్దాలు పెట్టుకున్న మగపిల్లలు, మధ్యలో లెక్చరర్లు. చాలాసేపు చూశాక గమనించాను, వాటిల్లో నేను ఎక్కడా లేను. కెమెరా ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఒక్క ఫోటోలో మాత్రం ముందు వరుస కాళ్ల దగ్గర నేల మీద ఒక నీడ పడింది, చేతులు పైకెత్తి పట్టుకున్న మనిషి నీడ. దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుని, తుడిచెయ్ అన్న వరుస నొక్కాను.

కొన్నాళ్లకు గొర్రెలక్క నీళ్ల కోసం కాకుండా నేరుగా గుమ్మంలోకి వచ్చింది.

"పోతాండాం మేడమ్మా. ఈడ గడ్డి అయిపాయె. రొద్దం పక్క రెండు వానలు పడినాయంట."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"యాడ మేపుంటే ఆడ. చెప్పేదెట్లా?" అని, టేబుల్ మీది పాడైన డిస్కుల కుప్ప వైపు చూసింది. "ఆ అద్దాలు పారేస్తావా?"

"కావాలా?"

"మెరుస్తాండాయి గదా. జీవాల మెడకు కడితే నక్కలు బెదురుతాయి."

అన్నీ ఇచ్చేశాను. గుడ్డపీలికలు మధ్య బెజ్జంలోంచి దూర్చి, వరండాలోనే కూర్చుని కొన్ని గొర్రెల మెడలకు కట్టింది. ఫోన్ నంబరు అడుగుదామనుకున్నాను. ఆమె ఫోన్ ఆమె భర్త దగ్గర ఉంటుందని ఎప్పుడో చెప్పింది. మంద దారి పట్టి చేలకు అడ్డంపడి గుట్ట వైపు పోతుంటే, నేను వారాల తరబడి చేసిన తప్పులన్నీ ఎండకు ఒకటొకటిగా మెరిశాయి. కనబడినంత సేపు నిలబడ్డాను.

ఆ తర్వాతి రోజులు బరువుగా నడిచాయి. డబ్బా మూత తీసి, కాస్త తిని మూసేసేదాన్ని. పని చివరికొచ్చేసింది. బతికినవి కిటికీ వైపు, పోయినవి గోడ వైపు పెట్టి, బతికినవాటి మీద సుద్దముక్కతో టిక్కులు పెట్టాను.

బెంగుళూరు పార్టీ ఒక మినీలారీ వేసుకుని పొద్దున్నే వచ్చాడు. నడివయసు మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది. వాళ్ల నాయనది మడకశిర పక్కనంట. నేను రెండు వైపులూ చూపించి, ఏవి మంచివో చెప్పడం మొదలుపెట్టాను.

"అదంతా వద్దు మేడం. అన్నీ ఒకటే లోడు. విప్పి పార్టులు తీసేసేదే."

సరే అన్నాను. మనుషులు మిషన్లు మోయడం మొదలుపెట్టారు. సుద్ద టిక్కులు వాళ్ల చొక్కాలకు అంటుకున్నాయి. ఆయన మాత్రం ఇంకా తీగలు పీకని చివరి మిషన్ ముందు ఆగాడు. తెర మీద నా మెనూ ఉంది.

"ఇది ఎవురు చేసినారు?"

"నేనే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాణం మీటతో పైకీ కిందికీ పోయాడు. "రెండు లినక్స్‌లు పెట్టినారు. ఫోల్డర్లు కొట్టుకోలేదా?"

"కొట్టుకున్నాయి. ఒకదాని పేరు మార్చినా."

"మెమరీ టెస్టుకు తోక తీసేసినారా?"

"తీసేసినా. అది తెలిసేలోపల ఎన్ని డిస్కులు పోయినాయో!"

"నాకూ పోయినాయి మేడం, బోలెడు. ఆఖరికి విసుగొచ్చి వదిలేసినా." తల ఊపుతూ నవ్వాడు. తుడిచెయ్ అన్న వరుస రెండుసార్లు చదివి, "ఇది బాగుంది," అన్నాడు.

బయట లోడు ఎక్కుతూనే ఉంది. మేమిద్దరం ఆ మిషన్ ముందు కూర్చుని మాట్లాడుకున్నాం. ఏ మిషన్లో ఏ తలుపు ఎలా మొరాయిస్తుందో, సర్వీసు నేర్చుకునే రోజుల్లో ఆయన ఏం పాడుచేశాడో. నేను సగం చెప్పేసరికే మిగతా సగం ఆయనకు తెలిసిపోయేది. అలా మాట్లాడి ఎన్నేళ్లయిందో. అసలు ఎప్పుడైనా మాట్లాడానో లేదో. డ్రైవరు హారన్ కొట్టాడు. డిస్కుకు ఒక కాపీ ఉంటే ఇచ్చాను. నంబరు రాసుకున్నాడు. తీగలు తనే పీకి, ఆ మిషన్ను తనే మోసుకుపోయాడు.

తాళాలు కరస్పాండెంటు ఇంట్లో ఇచ్చేశాను. ఆయన లేడు, ఇంటివాళ్లు తీసుకున్నారు.

ఇప్పుడు అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో పనిచేస్తున్నాను. రోజంతా మనుషులే. పేరు, వయసు, ఏ డాక్టరు. ఎవరి ముఖమూ సాయంత్రానికి గుర్తుండదు. ఇక్కడ చేరిన కొన్ని నెలలకు బెంగుళూరు ఆయన ఫోన్ చేశాడు. కొత్త మిషన్లలో ఆ డిస్కు పనిచేయడం లేదట. అవి వేరే పద్ధతిలో మొదలవుతాయని, పెన్‌డ్రైవ్ మీద మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలని చెప్పాను.

"మీరు చేస్తారా మేడం?"

"చేస్తా," అన్నాను. కొన్ని ఆదివారాలు పట్టింది. గదిలో ఫ్యాను కింద కూర్చుని చేసి పంపాను.

అప్పుడప్పుడు చేస్తాడు ఫోన్. ఎప్పుడూ మిషన్ల గురించే. ఆయన ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియదు. నా గురించి ఆయన ఏమీ అడగడు. ఆ నంబరు మోగితే మాత్రం పక్క సీటు అమ్మాయికి కౌంటరు అప్పజెప్పి, మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడి వస్తాను.