దుర్గిలో ఊరు లేని దేవుళ్ళు

మా ఎంబీఏ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి ఉన్నాం. చదువు ముగిసి ఇరవై ఏళ్ళు దాటింది గనుక, చదివిన నరసరావుపేటలోనే ఒకసారి కలుద్దామని ఎవరో అన్నారు. అందరూ బొటనవేళ్ళు ఎత్తేశారు. తేదీ దగ్గర పడేకొద్దీ ఒకరికి ఆఫీసులో ఆడిట్, ఒకరికి పిల్లల పరీక్షలు, ఇంకొకరికి అత్తగారి మోకాలి ఆపరేషన్. చివరికి మిగిలింది నేనూ, నరేంద్రా. నిజం చెప్పాలంటే నేను కూడా కలయిక కోసం వెళ్ళలేదు. అంతకు వారం ముందు సునీత ఫోన్ చేసింది. సునీత మా క్లాస్‌మేట్ బ్రహ్మం భార్య. బ్రహ్మం వాళ్ళది దుర్గిలో తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ఎంబీఏ అయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, వాడు మళ్ళీ ఆ పనికే వెళ్ళాడు. సునీత మాత్రం కూతుర్ని తీసుకుని గుంటూరు వెళ్ళిపోయి అక్కడ స్కూల్లో టీచరుగా చేస్తోంది. "అక్కా, మీరన్నా వెళ్ళి ఆయన్ని గుంటూరు తీసుకురండి. పిలిచి పిలిచి నాకు విసుగొచ్చింది. ఈసారి రాకపోతే ఇంక పిలవను" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత భయం వేసేది కాదు.

హైదరాబాద్ నుంచి నరసరావుపేటకు నేరుగా బస్సులున్నాయి. మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ మీదుగా వస్తాయి. ఐదారు గంటలు పడుతుంది, టికెట్ ఆరేడు వందల్లో వస్తుంది. నేను శుక్రవారం బయలుదేరి సాయంత్రానికి చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. ఏసీ గదికి పదిహేను వందలు తీసుకున్నారు. ఏసీ పనిచేసింది, వేడినీళ్ళు రాలేదు. మా కాలేజీ వైపు నడిచి వెళ్ళి గేటు బయటినుంచే చూసి వచ్చాను. వాచ్‌మన్ "ఎవురు కావాల్నమ్మా?" అని అడిగితే చెప్పడానికి నాకు ఒక్క పేరూ తోచలేదు.

శనివారం పొద్దున్నే నరేంద్ర కారులో వచ్చాడు. గురజాల దగ్గర పొలాలున్న ఇంటివాడు, ఇప్పుడు విజయవాడలో ఒక పురుగుమందుల కంపెనీకి సేల్స్ మేనేజర్. బ్రహ్మం కోసం తమ కంపెనీ గుంటూరు గోడౌన్‌లో స్టోర్స్ మేనేజర్ ఉద్యోగం మాట్లాడి పెట్టింది వీడే. సోమవారం వచ్చి చేరితే చాలు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. స్టేషన్ రోడ్డులో ఇడ్లీ తిన్నాం. కారప్పొడీ నెయ్యీ వేసి ప్లేటు నలభై రూపాయలు. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ నరేంద్ర ప్లేటులో నెయ్యి ఇంకా పొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు పిన్నీ, షుగరు."

"షుగరుకీ నెయ్యికీ ఏం సంబంధం నాయనా? ఈ వయసుకే అన్నీ మానేస్తే ఇంక దేనికి సంపాదించడం?" అందావిడ.

నరేంద్ర నవ్వబోయి ఆగిపోయాడు. ఆ ప్రశ్న కారులో కూడా మాతోపాటే వచ్చింది. నరసరావుపేట నుంచి నెకరికల్లు, కారంపూడి మీదుగా దుర్గికి రెండు గంటల దారి. ఫిబ్రవరి గనుక దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ దించితే ఘాటు, ఎత్తితే మా మాటలు. నరేంద్ర బాస్ వీడికంటే పదిహేనేళ్ళు చిన్నవాడట, మీటింగులో "అంకుల్" అంటాడట. ఇంటర్ చదివే కొడుకు తండ్రితో మాట్లాడటం మానేశాడట. "ఏందే విజయా, రోజంతా డీలర్లతో మాట్లాడతానా, ఇంటికి పోతే వాడితో మాట్లాడటానికి నాకు మాటే దొరకదు" అన్నాడు. నేనూ నా సంగతి చెప్పాను. నాది హెచ్‌ఆర్. ఈ రెండేళ్ళుగా నా పనల్లా మనుషుల్ని పిలిచి, కుర్చీ చూపించి, ఉద్యోగం పోయిందని చెప్పడమే. మా ఆయన పుణెలో, నేను హైదరాబాద్‌లో, అమ్మాయి హాస్టల్లో. ముగ్గురి కోసం ఒక ఇంటికి కరెంటు బిల్లు కడుతున్నాం, రాత్రి నేను వచ్చేదాకా ఆ ఇంట్లో వెలిగేది ఫ్రిజ్జులో లైటొక్కటే. క్లాసులో ఫస్టొచ్చింది నేనని నరేంద్ర గుర్తు చేశాడు. వాణ్ణి తిట్టాలనిపించింది.

కారంపూడిలో టీకి ఆగాం. టీ పది రూపాయలు, బాగుంది. దుర్గిలో విగ్రహాలు చేసే బ్రహ్మం ఇల్లెక్కడో తెలుసా అని టీ కొట్టు నడిపే ఆవిణ్ణి అడిగాను. ఆవిడ పుట్టిల్లు దుర్గేనట.

"ఏ బ్రహ్మం? అక్కడ చానామంది బ్రహ్మాలున్నారు. రెడీమేడ్ బ్రహ్మమా?"

"రెడీమేడ్ ఏంటండీ?"

"నీకే తెలుస్తాదిలే పో. నీలం గేటు. తాళం కూడా ఉండదు."

నీలం గేటుకు నిజంగానే తాళం లేదు. లోపల పెద్ద ఆవరణ, ఒక మూల రేకుల షెడ్డు, మిగతాదంతా ఎండ. ఆ ఎండలో వరసగా దేవుళ్ళు. ఆంజనేయులు, పోలేరమ్మలు, అంకమ్మలు, వినాయకులు, అంతా గుళ్ళో నిలబెట్టే ఎత్తు. ఒక్కదానికీ కళ్ళు లేవు. ముఖం, ముక్కు, పెదవులు అన్నీ తీరుగా ఉన్నాయి, కళ్ళ దగ్గర మాత్రం నున్నగా వదిలేసి ఉంది. బ్రహ్మం షెడ్డులోంచి వచ్చి మా ఇద్దర్నీ చూసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. చిక్కిపోయాడు. జుట్టునిండా రాతిపొడి పడి, అది నెరుపో దుమ్మో తెలియడం లేదు.

"కళ్ళేవిరా వీటికి?" అన్నాడు నరేంద్ర, బాగున్నావా అని కూడా అడక్కుండా.

"కళ్ళు ఆఖర్న తెరవాలి. ఏ ఊరికి పోతాదో తెలిశాక, ఆ ఊరోళ్ళ ముందర" అన్నాడు బ్రహ్మం.

మజ్జిగ తాగుతూ మొత్తం చెప్పాడు. వాళ్ళ నాన్న కాలంలో పద్ధతి వేరు. ఊరివాళ్ళు ముందుగా వచ్చి రాయి చూసుకునేవాళ్ళు. ఆ రాయి దగ్గర ఊరి పేరు చెప్పి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు మొదటి ఉలి దెబ్బ. అక్కణ్ణుంచి అది ఆ ఊరి దేవుడు. చెక్కడానికి నాలుగైదు నెలలు పట్టేది. మా బ్రహ్మం ఎంబీఏ చదివి వచ్చి చూస్తే, ఊళ్ళన్నీ గుళ్ళు కట్టుకుని విగ్రహం కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించింది. క్లాసులో మాకు చెప్పిందే కదా, సరుకు సిద్ధంగా ఉంటే కొనేవాడు ఆగడని. మనుషుల్ని పెట్టి, మూడు సైజుల్లో ముందే చెక్కించి పెట్టాడు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకునేవాళ్ళు. ఆ తర్వాత ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు: "ఇది ఏ ఊరోళ్ళు వద్దని వదిలేసింది?" ఎవరూ వదల్లేదు, ఊరికే చేశానని చెబితే అసలే నమ్మేవాళ్ళు కాదు. ఊరికే దేవుణ్ణి ఎవరు చేస్తారు?

"శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నది నాకు తెలియకనా? మా ఇంట్లో పుట్టిన మాటే అది. చదువుకున్నాం గదా, అవన్నీ దాటేశామనుకున్నా" అన్నాడు. పనివాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత సునీత.

నేను నెమ్మదిగా ఉద్యోగం మాట ఎత్తాను. సునీత అన్న మాటలు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. తల వంచుకుని విన్నాడు. వెళ్ళాలనే ఉందన్నాడు. పాప పదో తరగతికి వస్తోంది, తనకి లెక్కలు చెప్పాలని ఉందన్నాడు. "కానీ ఇంతమంది దేవుళ్ళని ఎండలో నిలబెట్టి నేను పోయి ఫ్యాను కింద ఎట్టా కూర్చోను? ఒక్కటంటే ఒక్కటి గుళ్ళో నిలబడితే చాలు విజయా. నేను చేసింది తప్పు పని కాదనిపిస్తాది. ఇయ్యాల బొల్లాపల్లి వైపు నుంచి ఒక ఊరోళ్ళు వస్తన్నారు. వాళ్ళు చెక్కించుకున్న ఆంజనేయుడు బండి మీంచి జారి చెయ్యి విరిగిందంట. ప్రతిష్ఠ దగ్గర పడింది, కొత్తది చెక్కే టైము లేదు. వాళ్ళు తీసుకుంటే సాయంత్రమే మీ కారెక్కుతా." పక్క గదిలో సంచి సర్ది పెట్టుకుని ఉండటం చూశాను. పైన పాప కోసం కొన్న జామెట్రీ బాక్సు ఉంది. ఆశ అనేది నాకు చాలా రోజుల తర్వాత కలిగింది.

భోజనాల వేళకు ట్రాలీ ఆటోలో నలుగురొచ్చారు. అందులో పెద్దాయన తలపాగా తీసి భుజాన వేసుకుని, చెప్పులు గేటు దగ్గర విడిచి వచ్చాడు. ఆంజనేయుడి చుట్టూ తిరిగాడు. భుజం తడిమాడు, తోక తడిమాడు. నున్నటి కళ్ళ దగ్గర వేలు ఆపాడు.

"ఎవురన్నా కాయ కొట్టినారా అబ్బాయ్ దీనికి?"

"లేదు పెదనాన్నా. ఎవురూ కొట్టలా. మీరే మొదలు."

పెద్దాయన తనవాళ్ళ వైపు చూశాడు. ఒకాయన సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. బ్రహ్మం నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మా నరేంద్ర గొంతు సవరించుకున్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు వీణ్ణి ఎందుకు వెంటబెట్టుకొచ్చానో!

"త్వరగా తేల్చుకోండి పెద్దాయనా. నిన్ననే వేరే ఊరివాళ్ళు చూసి, ఇదే కావాలని ఖాయం చేసుకుని వెళ్ళారు. మీరు ఇవాళ తీసుకోకపోతే రేపు ఉండదు."

ఇరవై ఏళ్ళుగా వాడు అన్నం తింటున్నది ఆ ఒక్క వాక్యం మీదే. డీలరు తటపటాయిస్తే ఇంకొకడు అడిగాడని చెప్పాలి. క్లాసులో నేర్పారు, బజారులో పనిచేసింది.

పెద్దాయన వేలు వెనక్కి తీసుకున్నాడు. "అట్టయితే ఇంకో ఊరికి మాట పడ్డ దేవుడన్నమాట."

"లేదు పెదనాన్నా, మావాడు ఊరికే అన్నాడు. ఎవురూ రాలా, నా బిడ్డ మీద ఒట్టు" అన్నాడు బ్రహ్మం.

"బిడ్డ మీద ఒట్టేయబాక నాయనా. నువ్వు అబద్ధమాడవు, తెలుస్తానే ఉంది. కానీ మాట బయటికొచ్చింది. రేపు మా ఊళ్ళో వానలు పడకపోయినా, గొడ్డు చచ్చినా, ఇంకో ఊరి దేవుణ్ణి ఎత్తుకొచ్చారనే అంటారు. ఆ నింద నేను మొయ్యలేను." ఆయనకు కోపం లేదు. బ్రహ్మం భుజం తట్టి మరీ వెళ్ళాడు. కొబ్బరికాయ మళ్ళీ సంచిలోకి పోయింది.

నరేంద్ర ముఖం పాలిపోయింది. "ఒరేయ్, నేను నీ కోసమే..." అన్నాడు. "తెలుసు రా" అన్నాడు బ్రహ్మం. తిట్టి ఉంటే నరేంద్రకి కాస్త తేలికయ్యేది. నేను సంచి చేతిలోకి తీసుకుని, పద పోదామన్నాను. బతిమాలాను, కోప్పడ్డాను, పాప పేరు ఎత్తాను. బ్రహ్మం సంచి నా చేతిలోంచి తీసుకుని, జామెట్రీ బాక్సు మాత్రం బయటికి తీసి ఇచ్చాడు. "ఇది పాపకియ్యి. నేను రానులే."

దుర్గి నుంచి మాచర్లకు అరగంట కూడా పట్టదు. నరేంద్ర నన్ను బస్టాండులో దింపి, గుంటూరు వెళ్ళి బాక్సు తనే ఇస్తానన్నాడు. అంత ధైర్యం వాడికి ఉందో లేదో నాకు తెలియదు. మాచర్ల నుంచి సాగర్ మీదుగా హైదరాబాద్‌కు నాలుగు గంటలు, టికెట్ నాలుగైదు వందలు. బస్సులో కూర్చుని సునీతకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "సరే అక్కా. తిన్నాడా?" అని అడిగింది. తిన్నాడని చెప్పాను. నిజానికి ఆ మధ్యాహ్నం మేమెవ్వరం తినలేదు.

మా బ్యాచ్‌లో అందరం ఏదో ఒకటి అమ్మడమే నేర్చుకున్నాం. నరేంద్ర మందులమ్మాడు, నేను నా గొంతులో మెత్తదనాన్ని అమ్మాను, బ్రహ్మం దేవుళ్ళని అమ్మబోయాడు. ఎవరి కోసమో తెలియకుండానే తయారుచేసి పెట్టాం, మా జీవితాలు కూడా అలాగే. చూసినవాళ్ళు బాగుందనే అంటారు, తీసుకెళ్ళేవాళ్ళే లేరు. ఇంటికొచ్చి గ్రూపులో ఒక్క ఫోటో పెట్టాను, ఊరివాళ్ళు రాకముందు ముగ్గురం ఆంజనేయుడి పక్కన నిలబడి తీసుకున్నది. ముప్పై మంది పూలగుత్తులు పంపారు. ఆ కళ్ళ సంగతి ఒక్కరూ అడగలేదు.

దుర్గి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. మాచర్ల నుంచి షేర్ ఆటోలు దొరుకుతాయి, ఎండలు ముదరక ముందే వెళ్ళండి. ఇంట్లోకి చిన్న బొమ్మలైతే రోడ్డు పక్క దుకాణాల్లో ఉంటాయి. మీ ఊళ్ళో ఎవరైనా గుడి కడుతుంటే మాత్రం నీలం గేటు తోసుకుని లోపలికి వెళ్ళండి, తాళం ఉండదు. బేరమాడవద్దు, ఇంకెవరైనా అడిగారా అని అడగవద్దు. కొబ్బరికాయ ఒకటి పట్టుకెళ్ళి, ముందు మీ ఊరి పేరు చెప్పండి. కళ్ళు తెరవడం వాడికి వచ్చు.