అరవై మంది తల్లుల లెక్క

పోయినవి ముందు చెప్తాను. తిరిగొచ్చిన పెట్టెలు ఎనిమిది వందల డెబ్బై. మా సరుకు తీసుకోవడం మానేసిన అంగళ్ళు పదకొండు. పని పోయిన ఆడవాళ్ళు ఆరుగురు. ఇరవై ఏళ్ళుగా ఈ అంకెలు మోస్తున్నాను. ఒక మనిషి మాటకు ఉన్న విలువ కూడా పోయింది. దానికి అంకె వేయడం నాకు చేతకాలేదు.

పేరు కలిసిరాలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది సగం నిజం.

తమిళనాట తుడియలూరులో పంపుల వర్క్‌షాపుల మధ్య మాదొక షెడ్డు. టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ పెట్టెలు బిగించేవాళ్ళం. నేను సరుకు లెక్క చూసేవాణ్ణి, అక్కడి మాటలో కణక్కుపిళ్ళైని. చదివింది ఎనిమిదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను కనుక వాటి మీద గర్వం ఎక్కువ. ప్యాకింగు బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్ద అలమేలత్త. మా వీధే, మా తెలుగువాళ్ళే, నాకు వరసకు మేనత్త.

మొదటి పెట్టె పేరు మిన్నల్, తమిళంలో మెరుపు అని. బాగా అమ్ముడుపోయింది. రెండోది పాతదానితో పనిలేని కొత్త యంత్రం. పేరేం పెడదామని ఓనరు అడిగితే ‘మిన్నల్ ప్లస్’ అన్నాను. ‘మిన్నల్ 2’ అంటే గోడౌన్‌లో మిగిలిన పాత పెట్టెలు ఒక్క రోజులో ముసలివైపోతాయి, ప్లస్ అంటే రెండూ అమ్ముడుపోతాయి అని నా వాదన. అత్త ఒప్పుకోలేదు. ఆడేది పిల్లలు, కొనేది తల్లి. ఇంగ్లీషు రాని తల్లికి కూడా ఒకటి తర్వాత రెండు వస్తుందని తెలుసు, ప్లస్ అంటే పాతదానికి తగిలించే సామాను అనుకుంటుంది అంది. అని ఊరుకోలేదు. రెండు ఆదివారాలు తన బల్లవాళ్ళతో వీధులు తిరిగి అరవై మంది తల్లులను అడిగింది. నలభై ఏడుగురు తగిలించే సామానే అన్నారు.

అదంతా నోటుబుక్కులో తమిళ అక్షరాల్లో రాసుకుంది. మా ఇళ్ళలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ‘ఒకటి’ అనం. ‘లాభం’ అంటాం, తర్వాత రెండు, మూడు. అత్త అలాగే రాసింది. మొదటి తల్లి పక్కన లాభం, ఆ తర్వాత 2, 3, అలా 60 దాకా.

ఓనరు పెద్ద ఊళ్ళో పెరిగినవాడు, ధాన్యం కొలవడం ఎరగడు. నోటుబుక్కు నా వైపు తిప్పి, ఈ లెక్క సరిగ్గా ఉందా అని అడిగాడు. అత్త ఎదురుగానే నిలబడి ఉంది. ఇందులో ఒకటే లేదు సార్, మొదలే తప్పిన లెక్కను నమ్మలేం అని తమిళంలో చెప్పాను.

అత్త నా వైపు తిరిగి, ఓనరుకు రాని తెలుగులో అడిగింది. “లాభం అని ఎందుకు చెప్తామో నీకి తెలీదా కణ్ణూ? మీ అమ్మ కొలిచేది చూసే కదా నువ్వు ఎంచేది నేర్చుకుంటివి?”

“ఆఫీసు కణక్కులో అదంతా చెల్లదు అత్తా.”

“సరి. చదివిన కణక్కుపిళ్ళై చెప్పితే సరిగానే ఉంటుంది.” నవ్వి, నోటుబుక్కు తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు తెలియదా? తెలుసు. మరి ఎందుకన్నాను? నేను చెప్పిన ప్లస్ పేరే నిలవాలనా, లేక ఆఫీసు కుర్చీలో ఎన్నడూ కూర్చోని మనిషి అరవై గడపలు ఎక్కి తెచ్చిన నిజం నాకు కుర్చీలో కూర్చుని దొరకలేదనా? రెండోదే అనుకుంటాను.

పెట్టె ప్లస్ పేరుతోనే అంగళ్ళకు వెళ్ళింది. పాత పెట్టె లేనివాళ్ళు దాన్ని కొనలేదు. ఉన్నవాళ్ళు కొని, దానికి తగిలించబోయి, కుదరక అంగడివాళ్ళతో తగవు పెట్టుకున్నారు. మదురై అంగళ్ళు పార్సెళ్ళు కట్టి మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కించి వెనక్కి పంపాయి. ముందు ప్యాకింగు బల్ల పోయింది. తర్వాత షెడ్డు మూతపడింది.

అత్త సూలూరులో ఒక మిల్లులో చేరింది. నెల తిరగకముందే నన్ను అక్కడికి పిలిపించింది. సూపర్‌వైజరుతో ఆమె అన్న మాట నా చెవులారా విన్నాను. “వీడి కణక్కు తప్పదు సామీ. నేను చెప్తా ఉండాను కదా.”

నా లెక్క ఒకసారి అబద్ధం చెప్పిందని లోకంలో నాకు కాక తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆ మనిషే నాకు పూచీ పడింది. ఆ మాట మీదే ఈ రోజుకీ నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. నోటుబుక్కు ఊసు ఆమె మళ్ళీ ఎత్తలేదు. మన్నించిందో మరిచిందో నేను అడగలేదు. రోజూ పొద్దున నూలు బేళ్ళు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాని మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా లాభం అంటాను. కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆమెకు దండం పెట్టడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

కానీ దండం ఒప్పుకోలు కాదు. ఇవాళ మీకు చెప్పాను. దీనితో ఏదీ చెల్లిపోలేదు, ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా వెళ్తోంది. ఆ బల్లవాళ్ళలో ఒకామె చనిపోయింది, ఇక ఆమెకు చెప్పలేను. అత్తతో కలిపి మిగిలిన ఐదుగురు ఉన్నారు. ఓనరూ ఉన్నాడు, నా మాట నమ్మి మునిగినవాడు. ఎదురుగా నిలబడి నేను నిజం చెప్పాల్సినవాళ్ళు, ఈ రోజుకు, ఆరుగురు.