పెద్ద మిద్దెలో లేచిన టెంకాయ

మైదుకూరులో మా వీధి చివరనున్న పెద్ద మిద్దెలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు ఏసుమణి అనుమానపు చూపు దాటుకుని పోవాల్సిందే. అది అమ్మాయిల హాస్టల్‌గా ఉన్నప్పుడు ఆయాగా చేరి, వెనక గదిలో కాపురం పెట్టింది. కూతురు పుట్టిందీ, భర్త పోయిందీ ఆ గదిలోనే. ఆమెకు ఇల్లంటే అదే.

మిద్దె కట్టించింది రామసుబ్బయ్య అనే బట్టల వ్యాపారి. హాస్టల్ ఎత్తేశాక ఆయన వారసులు శనక్కాయల గోడౌనుకిచ్చారు. తర్వాత సినిమావాళ్లు వచ్చి దాన్ని ఫ్యాక్షనిస్టు ఇల్లు చేసి, గేటు ముందు రెండు సుమోలు తగలబెట్టారు. పాపం, రామసుబ్బయ్య కోడిని కూడా కోసి ఎరగడు. వచ్చిన ప్రతివాడూ గుప్తనిధుల కోసమే వచ్చాడని ఏసుమణి నమ్మకం. మూటలు మోసేవాళ్ల వెనకే తిరిగేది. మేం నవ్వేవాళ్లం గానీ, మా సీమలో పాత గోడ కనిపిస్తే తవ్వేవాళ్లు తక్కువేం కాదు.

ఈ ఏడు కిరణ్‌కుమార్ అనే అతను ఫంక్షన్ హాలు పెడతానని లీజుకు తీసుకున్నాడు. ఒక ఉదయం అతని వెంట వచ్చిన బసవన్న అనే పెద్దాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని ఆవరణంతా మెల్లగా నడుస్తున్నాడు. నిధికి పూజేనని ఏసుమణి గేటుకు అడ్డంపడి వీధినంతా పిలిచింది. తీరా చూస్తే ఆయన బోరుకు నీళ్లు చూస్తున్నాడు. నీళ్లున్న చోట టెంకాయ దానంతటదే నిలబడుతుందని మా వైపు నమ్మకం. అందరం నవ్వాం. ఆమె మొహం చిన్నబోయింది.

అంతలో ఆమె గది గుమ్మం దగ్గరే టెంకాయ లేచింది. ఇక్కడ బోరు వేయాలంటే గది తీసేయాలి, వేరే చోట అద్దెకు చూసిపెడతానన్నాడు కిరణ్‌కుమార్. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంత ఆవరణ వదిలి టెంకాయకు ఆ గదే దొరికిందా అని నాకూ అనుమానం వచ్చింది.

"చెయ్యి వంచినావు," అంది ఏసుమణి బసవన్నతో. "నా చేతికియ్యప్పా, నేనే చూస్తా."

గేటు దగ్గర్నుంచి నడిచింది. టెంకాయ కదల్లేదు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి మెల్లగా లేచింది. వేళ్లతో అదిమిపెట్టినా వెనకున్న మాకెవరికీ తెలిసేది కాదు. అదిమిపెట్టవే తల్లీ అని లోలోపల మొక్కుకున్నాను కూడా. ఆమె వేళ్లు ముడవలేదు.

"నిజమే. నీళ్లు ఈడనే ఉండాయి," అంది. టెంకాయ బసవన్న చేతికిచ్చి, లోపలికి పోయి గోడకున్న బైబిలు వాక్యం క్యాలెండరు దింపింది.