ఫ్రాన్స్ వెళ్లిన నా పాస్‌పోర్ట్

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజు, అక్కడి రుమైథియా పేటలో నేను పనిచేసే ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. సెలవులకు ఫ్రాన్స్ పల్లెలకు వెళ్లిన మా యజమానురాలు పొద్దున్నే ఫోన్ చేసింది. ఆమెను అక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అంటాను. పాత కోట చూశారట, పిల్లలు ఏటి గట్టున సైకిళ్లు తొక్కుతున్నారట.

"మామా, వీధినిండా ట్యాంకులు!" అన్నాను.

అక్కడి అరబ్బీలో ట్యాంకీ అంటే నీళ్ల తొట్టి.

"తొట్టి పగిలితే పనివాణ్ణి పిలువు. ఏడుపెందుకు?" అంది.

"సైనికులు మామా! నేను వెళ్లిపోవాలి. నా పాస్‌పోర్ట్ ఏదీ?"

"నా సంచిలోనే ఉంది. నువ్వు పారిపోతావని తెచ్చుకున్నా."

ఒళ్లు మండిపోయింది. మూడేళ్లలో ఎన్నడూ ఎత్తని గొంతుతో అరిచాను. "నేను చస్తే దాన్ని ఎవరికి చూపిస్తావు మామా?"